గోగునార

గోంగూర పచ్చడి రుచి ఎరుగని తెలుగువారు అరుదు. అయినను ఆ ఆకు నిచ్చు గోగుమొక్క కాండమునందు బలమైన నార కలదనియు, ఆ నారతో నేడు మోటారుకార్ల తలుపులకు లోపలి పలకలను సైతము చేయుచున్నారనియు ఎరిగినవారు కొందరే.

కూర కొరకు పెంచినపుడు ఆకును లేతగా నుండగనే కోయుదురు. నార కొరకు పెంచునపుడు విత్తనములను ఒత్తుగా చల్లుదురు. అపుడు మొక్కలు కొమ్మలు వేయక, వెలుతురు కొరకు ఒకదానితో నొకటి పోటీపడి నిటారుగా పెరుగును. సుమారు నాలుగు నెలలలో 8 మొదలు 12 అడుగుల ఎత్తు వరకు ఎదుగును.

నార నిచ్చు గోగులో రెండు జాతులు కలవు. వర్తకులు రెంటిని మేస్తా అనియే వ్యవహరింతురు. అందొకదానికి విదేశములలో కెనాఫ్ అని పేరు. పూర్వము ఈ నార భీమునిపట్నము రేవునుండి ఎగుమతి యగుచుండుటచే దీనికి 'బిమ్లీ జూట్' అను పేరు కూడ కలిగెను. 1947లో దేశవిభజన జరిగినపుడు జనపనార పండు భూములలో అధికభాగము తూర్పు పాకిస్తానునకు పోయెను. మిల్లులు కలకత్తా ప్రాంతమున నిలిచెను. ఆ కొరతను తీర్చుటకు మన దేశమున గోగుపంటకు ప్రోత్సాహము లభించెను. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల రైతులు దీనిని విరివిగా పండించిరి. పిదప ప్లాస్టిక్ సంచులు వ్యాపించుటచే గోనెసంచుల గిరాకి తగ్గి, గోగుసాగు కూడ క్రమముగా క్షీణించెను.

గోగుకాండమును అడ్డముగా కోసి చూచినచో రెండు భాగములు కనబడును. వెలుపలిది బెరడు, లోపలిది తెల్లని తేలికపాటి పుల్ల. నార బెరడులోనే యుండును. పెక్టిన్ అను జిగురు ఆ నారను పుల్లకు అంటించి యుంచును. ఆ జిగురును కరగించి నారను వేరుచేయుటయే ఈ పనిలోని కీలకము.

చేనిలో సగము మొక్కలు పూచినపుడు కోతకు తగిన అదను. అంతకు ముందు కోసినచో నార తక్కువగా వచ్చును. గింజ ముదిరిన పిదప కోసినచో నార ముతకబారును. కోసిన మొక్కలను కొన్నిదినములు చేనిలోనే ఉంచి, ఆకు రాలిన తరువాత కట్టలు కట్టుదురు. మొదలు లావుగా నుండును కనుక కట్టలను ముందుగా రెండు మూడు దినములు మొదళ్లు మాత్రమే మునుగునట్లు నీటిలో నిలబెట్టుదురు. అటుపిమ్మట వానిని పరుండబెట్టి, పైన రాళ్లో దుంగలో ఉంచి ముంచుదురు. బరువు కొరకు మట్టిగడ్డలు వేసినచో నార నల్లబడును.

నీటిలోని సూక్ష్మజీవులు జిగురును తినివేయును. నీటి వేడిమిని బట్టి ఇందులకు 10 మొదలు 20 దినములు పట్టును. పదవ దినము మొదలుకొని రైతు ఒక్కొక్క కాండమును తీసి పరీక్షించుచుండవలెను. తొందరపడినచో బెరడు ముక్కలు నారను విడువవు. ఆలస్యము చేసినచో జిగురును తినిన జీవులే నారను కూడ కొరికి బలహీనపరచును. తగిన దినమున కూలీలు దుర్గంధము వెడలు నీటిలో నడుములోతున నిలిచి నారను ఒలిచి, మంచినీటిలో జాడించి, దండెములపై ఆరవేయుదురు. కట్టలు ఊరిన నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును. కావున త్రాగునీటి చెరువులను ఈ పనికి వాడరాదు. యంత్రముతో పచ్చిబెరడును ముందే ఒలిచి, దానిని మాత్రమే ఊరవేయు పద్ధతి కూడ కలదు. దీనివలన నీరును, కాలమును కలిసివచ్చును.

ఈ నార పలకగా మారు విధము తెలియవలెనన్న మట్టిగోడను తలచుకొనిన చాలును. ఉత్త మట్టి ఎండగనే బీటలు వారును. అందు వరిగడ్డి కలిపి త్రొక్కినచో గడ్డి మట్టిని పట్టియుంచును; మట్టి గడ్డిని కప్పి కాపాడును. ఇట్లు రెండు వస్తువులు కలసి, దేని గుణమును అది నిలుపుకొనుచు, ఒకదాని లోపమును మరియొకటి తీర్చునట్టి దానిని సంయుక్త పదార్థము అందురు. కార్ఖానాలలో గోగునారను పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్ పోగులతో కలిపి బొంతవలె పరచి, వేడి అచ్చులలో నొక్కుదురు. ఆ ప్లాస్టిక్ సుమారు 165 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. వేడిమి 200 డిగ్రీలు మించినచో నార మాడ నారంభించును. కావున అచ్చు వేడిమిని ఈ రెంటి నడుమ నిలుపుదురు.

మరియొక చిక్కు కలదు. నార నీటిని పీల్చుకొనును. ప్లాస్టిక్ నీటిని దరిచేరనీయదు. ఇట్టి రెండును సులభముగా అతుకుకొనవు. అందుచే కొన్ని పద్ధతులలో నారను పలుచని కాస్టిక్ సోడా నీటిలో నానబెట్టి, పైనున్న మైనమును పోగొట్టి, కడిగి, బాగుగా ఎండబెట్టుదురు. తడి మిగిలినచో అది అచ్చులో ఆవిరియై పలకలో బుడగలు ఏర్పడును.

గాజునార నీటికంటె సుమారు రెండున్నర రెట్లు బరువు. గోగునార సుమారు ఒకటిన్నర రెట్లు మాత్రమే. 2013 సంవత్సరపు ఫోర్డ్ ఎస్కేప్ కారు తలుపులలో కెనాఫ్ నారను వాడుటచే ఆ భాగముల బరువు నాలుగవ వంతు తగ్గినది. బండి తేలికయైనకొలది ఇంధనము ఆదా యగును. అయితే గాజునారకు గల బలము దీనికి లేదు. తడికి ఉబ్బు స్వభావము కూడ కలదు. కనుకనే దీనిని అధికభారము మోయు భాగములకు గాక, లోపలి పలకలకు వాడుదురు.

గోనెసంచికి ఒక కట్ట తెల్లగను, మరియొక కట్ట నల్లగను ఉన్నను ఎట్లో సరిపోవును. పలకకు అట్లు చెల్లదు. బెరడు ముక్క మిగిలిన చోట ప్లాస్టిక్ సరిగా పట్టదు. అతిగా ఊరిన పోగు ఉన్న చోట పలక విరుగును. ఆ లోపమును ఏ యంత్రమును తరువాత సవరింపజాలదు. కావున క్షీణించిన ఈ పంటకు క్రొత్త గిరాకి కలుగవలెనన్నను, రైతునకు మంచి ధర దక్కవలెనన్నను, అందులకు తొలిమెట్టు కార్ఖానాలో గాక, కట్టలు ఊరు నీటిగుంట యొద్దనే యున్నది.