వృక్షజన్య నూనెలు కందెనలుగా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అవసరాల దృష్ట్యా ఒక పరిశీలన

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్నది తెలుగునాట చిరకాలంగా వాడుకలో ఉన్న సామెత. ఎడ్లబండి ఇరుసుకు వేసే ఆ కందెన ఆముదంలో గడ్డి మసి కలిపి చేసినది. ఇరవయ్యవ శతాబ్దంలో పెట్రోలియం నుండి లభించే ఖనిజ నూనెలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. నేల, నీటి కాలుష్యంపై అవగాహన పెరిగిన తరువాత వృక్షజన్య నూనెలు మరల చర్చకు వచ్చాయి. అయితే ‘మొక్క నుండి వచ్చినది గనుక మేలైనది’ అన్న అభిప్రాయం మాత్రమే విస్తరణ శాస్త్రవేత్తల సిఫారసుకు ఆధారం కాజాలదు. ఒక యంత్రానికి మేలు చేసే నూనె మరొక యంత్రానికి హాని చేయవచ్చు. జగిత్యాల మామిడి తోటలు, కోరుట్ల పసుపు కల్లాలు, సిరిసిల్ల మరమగ్గాలు ఈ భేదాన్ని స్పష్టపరిచే మూడు సందర్భాలు.

ఘర్షణను తగ్గించే విధానం

కంటికి నునుపుగా కనిపించే లోహపు తలంపై కూడా సూక్ష్మమైన మిట్టపల్లాలు ఉంటాయి. రెండు తలాలు ఒరుసుకొన్నప్పుడు ఈ మిట్టలు ఒకదానికొకటి అతుక్కొని తెగిపోతాయి. దీని ఫలితమే వేడి, శక్తి నష్టం, అరుగుదల. వేగం తగినంతగా ఉండి నూనె చిక్కగా ఉన్నప్పుడు తలాల మధ్య ద్రవపు పొర ఏర్పడి వాటిని పూర్తిగా వేరుచేస్తుంది. వేగం తక్కువగా, బరువు ఎక్కువగా ఉన్నచోట ఈ పొర నిలువదు. అప్పుడు లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే కొద్ది అణువుల మందం గల పొరయే రక్షణ కల్పించాలి. దీనినే సరిహద్దు కందెన స్థితి అంటారు.

వృక్షజన్య నూనెల బలం ఈ స్థితిలోనే వ్యక్తమవుతుంది. ఇవి ప్రధానంగా ట్రైగ్లిజరైడులు. అనగా గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లపు గొలుసులు ఎస్టర్ బంధాలతో చేరిన అణువులు. ధ్రువత్వం గల ఎస్టర్ భాగం లోహాన్ని అంటుకొనగా, పొడవైన గొలుసులు బ్రష్షు కుచ్చువలె నిలిచి ఎదుటి తలాన్ని దూరంగా ఉంచుతాయి. ఖనిజ నూనెలోని హైడ్రోకార్బన్లకు ఈ అంటుగుణం లేదు. అందువలన వాటికి ప్రత్యేక సంకలితాలను చేర్చవలసి ఉంటుంది.

కూర్పును బట్టి గుణం

చాలా వృక్షజన్య నూనెల స్నిగ్ధత 40 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 30 నుండి 40 సెంటీస్టోక్సులు. ఉష్ణోగ్రత మారినప్పుడు వాటి చిక్కదనం ఖనిజ నూనెలతో పోలిస్తే తక్కువగా మారుతుంది. వాటి స్నిగ్ధతా సూచిక సాధారణంగా 200 ప్రాంతంలో ఉండగా, మామూలు ఖనిజ నూనెలకు అది 95–100 మాత్రమే. ఆముదం దీనికి మినహాయింపు. దానిలోని కొవ్వు ఆమ్లాలలో 85–90 శాతం రిసినోలియిక్ ఆమ్లమే. ఆ గొలుసులోని హైడ్రాక్సిల్ సమూహం వలన ఆముదం స్నిగ్ధత 40 డిగ్రీల వద్ద సుమారు 250 సెంటీస్టోక్సులకు చేరుతుంది. ఆముదం పెట్రోలులో సులభంగా కరుగదు. ఈ గుణాల కారణంగానే మొదటి ప్రపంచయుద్ధ కాలపు రోటరీ విమాన ఇంజన్లలో దానిని కందెనగా వాడారు.

ఈ నూనెల ప్రధాన లోపం ఆక్సీకరణ. గొలుసులో ద్విబంధాలు పెరిగేకొద్దీ గాలిలోని ఆక్సిజన్‌తో చర్య వేగవంతమవుతుంది. ఒక ద్విబంధం గల ఒలియిక్ ఆమ్లంతో పోలిస్తే రెండు ద్విబంధాలు గల లినోలియిక్ ఆమ్లం సుమారు పదిరెట్లు, మూడు గల లినోలెనిక్ ఆమ్లం దాదాపు ఇరవై రెట్లు వేగంగా ఆక్సీకరణం చెందుతాయి. అవిసె నూనె రంగులలో ఆరిపోయి పొరగా మారడానికి కారణమైన ఈ గుణమే యంత్రంలో జిగురుగా పరిణమిస్తుంది. కనుక అవిసె నూనె, లినోలియిక్ అధికంగా గల సాధారణ కుసుమ నూనె కందెనలుగా తగవు. నువ్వుల నూనెలోని సెసమాల్ వంటి పదార్థాలు, తౌడు నూనెలోని ఒరైజనాల్ ఆక్సీకరణను కొంత అడ్డుకొంటాయి. నీరు, ఆవిరి తగిలినచోట ఎస్టర్ బంధాలు తెగి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఏర్పడతాయి. ఇవి రాగి, ఇత్తడి బుష్షులను క్షయింపజేస్తాయి.

జగిత్యాల: తోటలో పోయే నూనె

మామిడి కోత ముగిసిన తరువాత కొమ్మల కత్తిరింపునకు చైన్‌సాలను వాడుతారు. చైన్‌సా గొలుసుకు అందే నూనె తిరిగి తొట్టికి చేరదు. చివరి చుక్క వరకు రంపపు పొట్టులో, చెట్టు గాయంపై, నేలపై పడుతుంది. దీనికి వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయడం చౌకగా కనిపించినా, దానితోపాటు అరిగిన లోహపు రజను, దహనంలో ఏర్పడిన బహువలయ హైడ్రోకార్బన్లు కూడా తోటలోకి చేరుతాయి.

నూనె అంతా వ్యయమై పోయే ఇటువంటి చోటనే వృక్షజన్య కందెన అత్యంత సమంజసం. నూనె ఎక్కువ కాలం యంత్రంలో నిలువదు గనుక ఆక్సీకరణకు అవకాశం తక్కువ. నేలలోని సూక్ష్మజీవులు దానిని త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి. ఆస్ట్రియా 1992లోనే ఖనిజ నూనెతో చేసిన చైన్‌సా కందెనలను నిషేధించింది. ఆహారానికి పనికిరాని కానుగ నూనెలో ఒలియిక్ ఆమ్లం దాదాపు సగం ఉంటుంది. వడకట్టి, ఆమ్లత్వం తగ్గించి, చిక్కదనం కొరకు ఆముదం కలిపిన మిశ్రమం ఈ పనికి పరీక్షించదగినది. ఈ నూనెను గొలుసు తొట్టిలో మాత్రమే పోయాలి; రెండు స్ట్రోకుల ఇంజన్ ఇంధనంలో కలుపరాదు. పని ముగిసి యంత్రాన్ని నెలల తరబడి భద్రపరిచే ముందు తొట్టిని ఖాళీ చేసి, సాధారణ చైన్ ఆయిల్‌తో కొద్దిసేపు నడపాలి. లేనిచో మిగిలిన నూనె జిగురుగా మారి పంపును బిగించివేస్తుంది.

కోరుట్ల: ఆహారాన్ని తాకే యంత్రం

పసుపు కొమ్ములను ఉడికించి, ఆరబెట్టి, తిరిగే డ్రమ్ములో మెరుగు పెడతారు. డ్రమ్ము వేగం తక్కువ, బరువు ఎక్కువ. ఇది పూర్తిగా సరిహద్దు కందెన స్థితి. పైగా ఇరుసు చివరల నుండి జారే నూనె కొమ్ములపై పడే అవకాశం ఉంది. ఆహారంగా, ఔషధంగా వాడే సరుకుపై వాడేసిన ఇంజన్ ఆయిల్ చుక్క పడినా అది కల్తీయే అవుతుంది.

ఇక్కడ తొలి సిఫారసు మూత గల బేరింగులు. అవి లేని పాత డ్రమ్ములకు ఆహార పరిశ్రమ కొరకు గుర్తింపు పొందిన హెచ్1 తరగతి గ్రీజు సురక్షితం. అది లభించనిచోట శుద్ధిచేసిన నువ్వుల నూనె లేదా తౌడు నూనె తాత్కాలికంగా పనికివస్తుంది. కాని అవి పలుచన గనుక తరచుగా వేయాలి. పాత నూనెను తుడిచిన తరువాతనే కొత్తది వేయాలి. ఉడికించే బాయిలరు సమీపంలోని ఇత్తడి బుష్షులకు మాత్రం ఆవిరి కారణంగా ఇవి తగవు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల వద్దనే గడ్డకడుతుంది. పసుపు పని మొదలయ్యే జనవరి నెలలో తెల్లవారుజామున అది ప్రవహించదు.

సిరిసిల్ల: జాగ్రత్త అవసరమైన చోటు

మరమగ్గాల విషయంలో నిర్ణయం భిన్నంగా ఉండాలి. మగ్గం గంటల తరబడి ఆగకుండా నడుస్తుంది, బేరింగులు వేడెక్కుతాయి, నూలు ధూళి నూనెకు అంటుకొంటుంది. మార్పు చేయని వంటనూనె ఈ పరిస్థితిలో త్వరగా జిగురుగా మారుతుంది. బట్టపై పడిన మరక పసుపుబారి నిలిచిపోతుంది. తాజా వృక్షజన్య నూనె మరక నూలు బట్టను కాస్టిక్ సోడాతో ఉడికించినప్పుడు సబ్బుగా మారి వదులుతుంది. కాని ఆక్సీకరణం చెందినది తేలికగా వదలదు. పాలియెస్టర్ బట్టకు ఆ ఘాటైన క్షార చికిత్స చేయలేరు, పైగా ఆ నూలుకు నూనెను పట్టుకొనే స్వభావం ఉంది. అందువలన మగ్గపు బేరింగులకు నీటిలో ఉతికితే వదిలే ప్రత్యేక మగ్గపు నూనెలే తగినవి.

ఇంతకంటె ముఖ్యమైనది అగ్ని ప్రమాదం. అసంతృప్త నూనెతో తడిసిన దూది, గుడ్డపీలికలు కుప్పగా పడి ఉంటే ఆక్సీకరణ వేడి బయటకు పోక లోపలే పెరిగి, నిప్పు తగులకుండానే మండవచ్చు. వాటిని మూతగల లోహపు డబ్బాలో ఉంచి ఏ రోజుకారోజు తొలగించాలి.

అయితే నేత పనిలో వృక్షజన్య నూనెకు ఒక పురాతన స్థానం ఉంది. నూలు పడుగుకు పెట్టే గంజిలో కొద్దిగా నూనె కలిపితే పొర మెత్తబడి, పోగులు ఒకదానితో ఒకటి ఒరుసుకొని తెగడం తగ్గుతుంది. ఆ నూనె తరువాతి శుద్ధిలో సబ్బుగా మారి తొలగిపోతుంది. ఇక్కడ అరుగుదల నుండి రక్షణ పొందేది యంత్రం కాదు, నూలు.

పరీక్ష, ముడిసరుకు

సిఫారసుకు ముందు కొలత అవసరం. నాలుగు గుండ్ల పరీక్షలో 12.7 మిల్లీమీటర్ల వ్యాసం గల మూడు ఉక్కు గుండ్లను బిగించి, నూనెలో ముంచి, వాటిపై నాలుగవ గుండును 75 డిగ్రీల వద్ద, 392 న్యూటన్ల బరువుతో, నిమిషానికి 1200 చుట్ల వేగంతో 60 నిమిషాలు తిప్పుతారు. గుండ్లపై ఏర్పడిన అరుగుదల మచ్చ వ్యాసమే నూనె రక్షణ శక్తికి కొలమానం. దీనితోపాటు ఆమ్ల విలువ, స్నిగ్ధత, రాగిపట్టీ క్షయం కూడా చూడాలి. ఘర్షణ తగ్గినంత మాత్రాన అరుగుదల తగ్గిందని భావించరాదు. రెండింటినీ విడిగా కొలవాలి. పలుమార్లు వేయించిన నూనె అప్పటికే ఆక్సీకరణం చెంది ఉంటుంది గనుక దానిని నేరుగా కందెనగా వాడరాదు.

వంటనూనె అవసరంలో సగానికి పైగా దిగుమతులపై ఆధారపడిన దేశంలో తినదగిన నూనెను యంత్రాలకు మళ్ళించడం సముచితం కాదు. ఆముదం, కానుగ నూనె, ఆమ్లత్వం పెరిగి తినడానికి పనికిరాని తౌడు నూనె ఇందుకు సహజమైన ముడిసరుకులు. వరి విస్తారంగా పండే ఉత్తర తెలంగాణలో తౌడుకు కొరత లేదు. మర పట్టిన వెంటనే తౌడును స్థిరీకరించకపోతే అందులోని లైపేజ్ ఎంజైము నూనెను ఆమ్లాలుగా విడగొడుతుంది. అటువంటి నూనెను రసాయనికంగా మార్చి స్థిరమైన ఎస్టర్లుగా తయారుచేయవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్త అడుగవలసిన మొదటి ప్రశ్న ‘ఏ నూనె మంచిది’ అన్నది కాదు, ‘వేసిన నూనె చివరకు ఎక్కడికి చేరుతుంది’ అన్నది. నేలలోకి చేరేచోట వృక్షజన్య నూనెకు ప్రాధాన్యమివ్వాలి. ఆహారంపై పడేచోట ముందు కారడాన్ని అరికట్టి, తరువాత సురక్షితమైన కందెనను ఎంచాలి. యంత్రంలోనే చాలాకాలం వేడిలో నిలిచేచోట, స్థిరత్వం పరీక్షలో రుజువయ్యే వరకు దానిని సిఫారసు చేయరాదు.