ప్రతిధ్వని గీసిన పటము

సముద్రమునకు మనవారు రత్నాకరమని పేరు పెట్టిరి. కాని ఆ గనిలో ఏ మూల ఏమున్నదో తెలియనిచో రత్నమును కాపాడుట యెట్లు? స్కాట్లండునకు వాయవ్యమున నున్న డార్విన్ దిబ్బల వృత్తాంతము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

కేప్ రాత్ అగ్రమునకు సుమారు 185 కిలోమీటర్ల దూరమున, దాదాపు 1000 మీటర్ల లోతున ఈ దిబ్బలు కలవు. అచ్చట సూర్యకాంతి చొరదు. రేడియో తరంగములు ఉప్పునీటిలో కొలది దూరమునకే అణగిపోవును. ధ్వని మాత్రము సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగముతో పోయి, అడుగును తాకి, ప్రతిధ్వనియై మరలివచ్చును. వేయి మీటర్ల లోతునకు పోయి వచ్చుటకు సెకనున్నర కూడ పట్టదు. ఈ ప్రతిధ్వనిని పట్టు సాధనమే సోనార్. పట్టిన కాలమును బట్టి లోతును, ధ్వని బలమును బట్టి అడుగు రాయియో బురదయో గ్రహింతురు.

1998లో శాస్త్రజ్ఞులు సోనార్ సాయమున ఈ దిబ్బలను కనుగొని, 'చార్లెస్ డార్విన్' అను పరిశోధన నౌక పేరు వాటికి పెట్టిరి. అవి 5 మీటర్ల ఎత్తునకు మించని ఇసుక దిబ్బలు. అయినను వాటిపై చల్లనినీటి పగడములు పెరుగుచుండెను. వెలుతురుతో పనిలేక, ప్రవాహము తెచ్చిన ఆహారముతో బ్రతుకు జీవులివి. ప్రతిధ్వని దిబ్బను చూపగలదు గాని ప్రాణిని పోల్చి చెప్పలేదు. ఆ పని కెమెరాది.

తరువాతి పరిశీలనలలో, అడుగును రాచుచు పోవు ట్రాల్ వలల చాళ్లు కానవచ్చెను. 2003లో యూరోపియన్ కమిషన్ ఆ వలలను అచ్చట నిషేధించెను. 2011లో 'ఆటోసబ్ 6000' అను రోబో, మనిషి లేక, తాడు లేక, తనంత తాను అడుగునకు చేరువగా సంచరించి సోనార్ పటములు తీసెను. ఓడపై నుండి వినిన ప్రతిధ్వని కంటె దగ్గర నుండి వినినది సూక్ష్మవివరములను చూపును గదా! తాడు కట్టి దింపిన మరియొక యంత్రము కెమెరాతో పగడములను పరికించెను.

ఫలితమేమి? వలల తాకిడి తక్కువగా నున్న పడమటి దిబ్బలపై పగడములు నిలిచియున్నవి. తూర్పు దిబ్బలపై, నిషేధము పెట్టి ఎనిమిదేండ్లు గడచినను, విరిగిన పగడములు కోలుకొనలేదు. క్రొత్తవి వచ్చి పాదుకొనిన జాడయు లేదు.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనిన చందమిది. పటము ముందు, వల తరువాత అను క్రమము తూర్పు దిబ్బల విషయమున తారుమారయ్యెను. ఇంకను పటమునకెక్కని సాగరగర్భమున నైనను ఆ క్రమమును పాటించుట మన చేతిలోని పని.