పూర్తధర్మము – తెలుగునాట వృక్షప్రతిష్ఠ

ఊరి పొలిమేరలో మామిడితోపు వేయించినవానిని, బాటప్రక్కన చలివేంద్రము పెట్టించినవానిని, చెఱువునకు తూము కట్టించినవానిని తెలుగుపల్లె ఒక్కమాటతోనే పేర్కొనును: ధర్మాత్ముడు. ముంగిట నిలిచిన యాచకునకు వేసిన పిడికెడు బియ్యమును ధర్మమే; నూఱు చెట్ల తోపును ధర్మమే. వ్యవహారమున ఈ రెంటికిని నడుమనున్న భేదము చెరిగిపోయినది. ధర్మశాస్త్రకారులు మాత్రము దానిని జాగ్రత్తగా పాటించిరి. ఆ భేదమును గుర్తింపనిచో గ్రామములలో చెట్లు నాటుట ఒక సంఘధర్మముగా ఏవిధముగా నిలిచినదియు, ఎచ్చట సడలినదియు బోధపడదు.

వైదిక యజ్ఞాదులు ఇష్టములు. బావులు, చెఱువులు, దేవాలయములు, అన్నదానము, ఆరామములు పూర్తములు. ఇష్టమునందు అధికారము ద్విజులకు పరిమితము కాగా, పూర్తమునందు స్త్రీలకును శూద్రులకును అధికారము కలదని స్మృతికారులు అంగీకరించిరి. గ్రామీణ ధర్మకార్యములలో సర్వవర్ణముల వారును కానవచ్చుటకు ఇదియొక శాస్త్రాధారము. కాని యీ ఔదార్యమునకు ఆచరణలో హద్దులుండెను. సర్వజనోపకారార్థమని ప్రతిష్ఠింపబడిన బావి గట్టును, రచ్చబండయు అస్పృశ్యులనబడినవారికి తఱచుగా నిషిద్ధములే అయ్యెను. సర్వ శబ్దమునకు పల్లెలో చెల్లిన అర్థము శాస్త్రమునందలి అర్థముకంటె చాల సంకుచితము.

దానమునకు పుచ్చుకొనువాడుండవలెను. గోవును, భూమిని పుచ్చుకొనువాడు ఎదుట కూర్చుండి స్వీకరించును. మఱి బాటప్రక్కన నాటిన మఱ్ఱిని పుచ్చుకొనువాడెవ్వడు? ఎండవేళ దాని క్రింద నిలుచు బాటసారి, పడుకొను పశువు, పండ్లు తిను పక్షి – వీరిలో ఎవ్వరును ప్రతిగ్రహీతలు కారు. అందువలన శాస్త్రకారులు దీనిని దానమనక ఉత్సర్గమనిరి. కర్త తన స్వత్వమును వదలి ఆ వస్తువును సర్వభూతములకు విడిచివేయును. విడిచిన పిమ్మట ఆతడును అందఱిలో ఒక్కడై ఆ నీడను, నీటిని అనుభవింపవచ్చును. పాండురంగ వామన కాణే తన ధర్మశాస్త్ర చరిత్ర రెండవ సంపుటమున ప్రతిష్ఠోత్సర్గములను ప్రత్యేకముగా వివరించెను.

చిక్కు ఇక్కడనే యున్నది. అందఱికిని విడిచినదానిని కాపాడవలసినవారెవరు? బియ్యము పెట్టినతోడనే అన్నదాత ధర్మము నెఱవేఱును. మొక్కయట్లు కాదు. నాటిన దినమున దానికి కావలసినది ఒక చెంబెడు నీరు. తరువాతి రెండుమూడు వేసవులలో కావలసినది పాదు, కంపకట్టు, మేకలను తోలువాడు, నీరు మోయువాడు.

తెలుగుకవులకీ చిక్కు తెలియును. కుమారుడు, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, తటాకము, కృతి అనునవి సప్తసంతానములు. శ్రీకృష్ణదేవరాయలు ఈ ఏడింటిలో చెడక నిలుచునది కృతియేయని తలచి ప్రబంధము చెప్పుమని అడిగినట్లు పెద్దన మనుచరిత్రావతారికలో వర్ణించెను. కవి తన పక్షమున తానే తీర్పు చెప్పించుకొన్నాడని నవ్వుకొనవచ్చును గాని, ఆ తీర్పులో సత్యము లేకపోలేదు. వనమెండును, చెఱువు పూడును, గుడి కూలును. సంతాన శబ్దము సంపూర్వకమైన తన్ ధాతువునుండి పుట్టినది. ఎడతెగక సాగుట దాని మూలార్థము. బిడ్డను కనుటతో పని తీఱనట్లే వనము వేయుటతోను తీఱదు. మత్స్యపురాణము ఒక్క వృక్షమును పదిమంది కొడుకులతో సమానము చేసినది. ఫలశ్రుతిగా మాత్రమే దీనిని చదువువారు పెంపకపు భారమును మఱచుచున్నారు.

శాసనములు ఈ విషయమున కావ్యములకంటె వ్యవహారజ్ఞతను చూపును. ప్రాచీనతమమైన సాక్ష్యము కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోనే కలదు. అచ్చటి అశోకుని రెండవ శిలాశాసనము మనుష్యులకును పశువులకును బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించిన సంగతి తెలుపుచున్నది. ఓషధులు, ఫలములు లేనిచోట్లకు వానిని తెప్పించి నాటించుటయు అందు గలదు. మధ్యయుగపు దేవాలయ శాసనములలో నందనవనములకు భూమితోపాటు తోటమాలికి జీవనాధారమును ఏర్పఱచుట సామాన్యము. చెఱువుల మరామతునకు దశబంధ మాన్యములు ఏర్పడుటయు ఈ ఆలోచన ఫలమే. చివర వచ్చు శాపోక్తులను నేటి పాఠకుడు మూఢవిశ్వాసమని దాటిపోవుచుండును. వానికి ముందుండు వాక్యము మాత్రము దాటిపోదగినది కాదు: తానిచ్చినదానికంటె ఒరులిచ్చినదానిని పాలించుటయందు రెట్టింపు పుణ్యము కలదని దాని భావము. నాటినవానికంటె నీరు పోసినవానిని పెద్దజేసిన నియమమిది. ధర్మకార్యమునందు తరువాతి తరమువారికి కూడ ఒక స్థానమును, ఒక గౌరవమును ఇది కల్పించినది.

శాసనము వేయించు స్తోమత లేని పల్లె మఱియొక త్రోవ త్రొక్కినది. రావిని వేపను ఒక్కపాదున నాటి, పెరిగిన పిదప వానికి పెండ్లి చేయుదురు. రావికి ఒడుగు చేయు ఆచారమును కలదు. చుట్టును అరుగు కట్టుదురు. సంతానము లేనివారు ప్రదక్షిణములు చేయుదురు. పెండ్లియైన చెట్టుపై గొడ్డలి వేయుటకు ఎవ్వనికిని చేయాడదు. దస్తావేజు చేయవలసిన పనిని ఇచ్చట బాంధవ్యము చేయుచున్నది. శ్రీ సత్యసాయి జిల్లాలో, కదిరికి సమీపముననున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. బిడ్డలు లేనివారు దానికి మ్రొక్కుకొందురు. వృక్షమును సంతానముగా లెక్కించిన భావన, వృక్షమునుండి సంతానమును కోరు రూపమున అచ్చట నిలిచియున్నది.

తోపు అను మాట తమిళ, కన్నడ, మలయాళములందును సగోత్రముగా నున్నది. ఆంగ్లోద్యోగుల వ్రాతలలోనికిని 'టోప్' గా ప్రాకినది. గ్రామలెక్కలలో 'తోపు పోరంబోకు' అను శీర్షిక ఏర్పడినది. తమిళమున పుఱంబోక్కనగా పన్ను లెక్కకు వెలుపల వదలిన నేల. ఆ పదమే తెలుగున దిక్కుమాలినవాడను తిట్టుగా దిగజాఱినది. అందఱిదైన నేల పేరు ఎవ్వరికిని కాని మనిషికి పేరగుట అర్థవిపరిణామములలో విచారకరమైనది. భాషలో వలెనే నేలమీదను ఇదియే జరిగినది. తోపు పోరంబోకులు పలుచోట్ల ఆక్రమణల పాలయ్యెను.

1950 జూలైలో కె. ఎం. మున్షీ కేంద్రమంత్రిగా వనమహోత్సవమును ప్రవేశపెట్టెను. మఱుసటియేట, 1951 ఏప్రిల్ 18న, పోచంపల్లిలో వినోబాభావే భూదానమారంభమైనది. శ్రమదానము, గ్రామదానము మొదలగు సమాసములు ఆ ఉద్యమముతో ఊరూర వ్యాపించినవి. దాన శబ్దము నిండుగా వాడుకలోనుండగా పూర్తము, ఉత్సర్గము అను మాటలు పండితుల గ్రంథములకే పరిమితములైనవి. వనమునకు మహోత్సవమన్న పేరు అందమైనదే. ఉత్సవమునకు తిథి గలదు, ఊరేగింపు గలదు. మఱునాడు మాత్రము లేదు. ఛాయాచిత్రమున నవనవలాడిన మొక్క వేసవి నాటికి పుల్లయైన ఉదంతములు ప్రతి మండలమునను వినవచ్చును.

తెలంగాణ ప్రభుత్వము 2015లో హరితహారమును ప్రారంభించినది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికియుండవలెనని నియమించి, సర్పంచిని, పంచాయతీ కార్యదర్శిని అందుకు బాధ్యులను చేసినది. పాత శాసనముల పరదత్తపాలన నియమము ఇట్లు కొత్తరూపమున చట్టమునకెక్కినది. పుణ్యమునకు మాఱు దండనము వచ్చినది. దండనభయముతో పోసిన నీరును మొక్కకు నీరే యగును గాని, దాత గౌరవమున పాలకునికున్న రెట్టింపు భాగము చట్టమున లేదు.

ఆ గౌరవమును లోకము ఇద్దఱికి తనంత తానిచ్చినది. ఖమ్మము జిల్లా రెడ్డిపల్లి వాసి దరిపల్లి రామయ్య విత్తనములు మోసికొనుచు బాటలవెంట చెట్లు పెంచి వనజీవి రామయ్యగా ప్రసిద్ధుడయ్యెను. 2017లో పద్మశ్రీ పొంది, 2025లో మరణించెను. ధర్మమును కాచినవానిని ధర్మము కాచునను ప్రాచీనోక్తిలో ధర్మ పదమును తొలగించి వృక్ష పదమును నిలిపిన వాక్యమును ఆతడు ఫలకముగా ధరించి తిరిగెను.

కర్ణాటకమున హులికల్ గ్రామమునకు చెందిన తిమ్మక్కకు బిడ్డలు లేరు. ఆమెయు, ఆమె భర్త చిక్కయ్యయు కూలిపని చేసికొనుచు, మొదటియేట పది మొక్కలతో ఆరంభించి, హులికల్ నుండి కుదూరు పోవు బాటవెంట మఱ్ఱులు పెంచిరి. నీరు కడవలతో మోసిరి. పశువులు తినకుండ ముండ్లకంప కట్టిరి. చెట్లు 385 అయ్యెను. 2019లో ఆమెకు పద్మశ్రీ లభించినది. ఆమెను సాలుమరద తిమ్మక్క అనిరి. సాలు తెలుగున నాగటిచాలునకును వరుసకును చెల్లుచున్నది. మర శబ్దమునకు మన మ్రాను, మాను సగోత్రములు. ఇంటిపేరు స్థానమున చెట్లవరుస వచ్చి చేరినది. ఆ మఱ్ఱుల పోషణభారమును పిదప కర్ణాటక ప్రభుత్వము స్వీకరించినది.