కామ్డెన్‌లో మూడు ఓట్లు

2022 మే 5న లండన్‌లోని కామ్డెన్ బరో కౌన్సిల్ ఎన్నికల్లో నేను ఓటు వేశాను. అప్పటికి నాది విద్యార్థి వీసా, భారత పాస్‌పోర్టు. చట్టబద్ధంగా అక్కడ నివసించే కామన్వెల్త్ పౌరులకు ఓటుహక్కు ఉందని నాతో చదివిన తెలుగువారిలో చాలామందికి తెలియదు. మా వార్డులో ముగ్గురు కౌన్సిలర్లు, కనుక నాకు మూడు ఓట్లు. మొత్తం 55 స్థానాల్లో 47 లేబర్ పార్టీకి దక్కాయి. ఫలితం ఊహించిందే. నా మనసులో నిలిచింది వేరు. పోలింగ్ కేంద్రంలో పేరు, చిరునామా మాత్రమే అడిగారు. అదే నగరంలో, అంతకు ఆరునెలల ముందు, అద్దెగది చూపించిన తెలుగాయన ఇంటిపేరు అడిగాడు, ఊరి పేరు అడిగాడు, ఆఖరుకు "ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపమ్మా?" అన్నాడు. నిజమే చెప్పాను. గది అప్పటికే ఎవరికో ఇచ్చేశామని మర్నాడు కబురొచ్చింది.

బరో కౌన్సిల్ మన మునిసిపాలిటీ లాంటిదే గానీ దాని అధికారాలు ఎక్కువ. ప్రభుత్వ అద్దె ఇళ్ళు, వృద్ధుల సంరక్షణ, గ్రంథాలయాలు, భవన అనుమతులు దాని చేతిలోనివే. 1934లో వి.కె. కృష్ణమీనన్ కౌన్సిలర్‌గా గెలిచిన సెయింట్ పాంక్రస్ బరో 1965లో ఈ కామ్డెన్‌లోనే కలిసింది.

అంబేద్కర్ ఇంటికి అడ్డుపడింది కూడా ఆ భవన అనుమతుల అధికారమే. 1921-22లో ఆయన నివసించిన 10, కింగ్ హెన్రీస్ రోడ్ ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొని మ్యూజియంగా మార్చింది. నివాస గృహాన్ని అలా మార్చటానికి 2018లో కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. ఇది కులద్వేషమే అన్నారు మనవాళ్ళు కొందరు. నేనలా అనలేను. గది కోసం వీధివీధీ తిరిగినదాన్ని, అక్కడి ఇళ్ళ కొరత నాకు తెలుసు. కానీ ఆ ఇంటి విలువను నివాస స్థలంగానే తూచటం నాకు నేటికీ మింగుడుపడదు. బహిరంగ విచారణ జరిగి, 2020 మార్చిలో మంత్రి రాబర్ట్ జెన్రిక్ అనుమతి ఇచ్చాక గానీ వివాదం తీరలేదు.

పోలింగుకు వారం ముందు ఒక పార్టీ కార్యకర్త మా తలుపు తట్టింది. చెత్త సేకరణ గురించి, సైకిల్ దారుల గురించి చెప్పింది. కులవివక్ష మాటేమిటని అడిగాను. "అది భారతదేశంలో కదా?" అంది, మర్యాదగానే.

గది సంగతి చెప్పాను. చట్టం సంగతీ చెప్పాను. 2010 సమానత్వ చట్టం కులాన్ని చేర్చుకునే వీలు మాత్రం ఉంచింది. 2013లో పార్లమెంటు చేర్చి తీరాలంది. 2018లో ప్రభుత్వం, కోర్టు తీర్పులే చాలునంటూ వెనుకడుగు వేసింది. తీర్పు లేకపోలేదు. ఇంటిపనికి తీసుకువచ్చిన ఒక భారతీయ మహిళ కేసులో, జాతి మూలాలన్న మాటలో కులమూ ఇమడవచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ చెప్పింది. అయితే వీసా గడువు లెక్కపెట్టుకుంటూ బతికే విద్యార్థి ట్రిబ్యునల్ మెట్లెక్కుతుందా? చట్టాన్ని మార్చటం కౌన్సిల్ వల్ల కాదు. తన నియామకాల నిబంధనల్లో, ఇళ్ళ కేటాయింపు నిబంధనల్లో కులం అన్న మాట రాసుకోవటానికి మాత్రం దాన్ని ఎవరూ ఆపటం లేదు.

ఆమె నోటుపుస్తకం తీసి 'కాస్ట్' అని రాసుకుంది. చివర 'ఈ' అక్షరం వదిలేసింది. చెబితే చేర్చింది.