రిమోట్ కారుకు బ్రేక్ ఎక్కడుంది?

రిమోట్‌తో నడిచే ఎలక్ట్రిక్ కారును విప్పి చూస్తే బ్యాటరీ, మోటారు, గేర్లు ఉంటాయి. బ్రేక్ మాత్రం కనిపించదు. చాలా కార్లలో ఆ పనీ మోటారుదే. ఇది తెలిస్తే బ్రేక్ పడనప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

కరెంటు ఆపేసినా తిరుగుతూనే ఉన్న మోటారు జనరేటరుగా మారుతుంది. దాని తీగలు కలిపితే, పుట్టిన కరెంటు చుట్టల్లోనే పారి తిరుగుడును అడ్డుకుంటుంది. 1834లో భౌతిక శాస్త్రవేత్త లెంజ్ చెప్పిన నియమమిదే. పాత బొమ్మ మోటారు ఇరుసును ఒకసారి ఊరికే, మరోసారి తీగలు కలిపి తిప్పండి, తేడా వేళ్లకే తెలుస్తుంది. రైళ్లలోనూ ఇలాంటిదే ఉంది. విజయనగరం నుంచి బొబ్బిలి జంక్షన్ మీదుగా రాయగడ వెళ్లేది విద్యుదీకరించిన రైలు లైను. ఇలాంటి లైన్లపై గూడ్సులు లాగే డబ్ల్యూఏజీ-9 ఇంజిన్ల మోటార్లు కూడా బ్రేక్ వేసేటప్పుడు జనరేటర్లవుతాయి. ఆ కరెంటు పైతీగకు తిరిగి చేరుతుంది.

చిన్న కారులో మోటారు తీగలు కలిపే పని స్పీడ్ కంట్రోలర్‌ది. రిసీవర్ పంపే పల్స్ సుమారు 1.5 మిల్లీసెకన్లుంటే దానికి న్యూట్రల్ అని అర్థం. అటు 1, ఇటు 2 మిల్లీసెకన్ల దాకా మారితే ఒక వైపు వేగం, మరో వైపు బ్రేక్. రిమోట్‌లో న్యూట్రల్‌ను సరిచేసే ట్రిమ్ జరిగితే ఈ లెక్క తప్పుతుంది. అందుకే బ్రేక్ పడకపోతే ముందు కంట్రోలర్ కాలిబ్రేషన్ మళ్లీ చేయండి: న్యూట్రల్, పూర్తి వేగం, పూర్తి బ్రేక్. ఆ తర్వాత బ్రేక్ బలం ఎంత శాతం పెట్టి ఉందో చూడండి.

మోటారు ఆగినా చక్రాలు ఆగకపోతే లోపం మోటారుకూ చక్రాలకూ మధ్య ఉంటుంది. బ్యాటరీ తీసేసి, మోటారు మీది చిన్న గేరును కదలకుండా పట్టుకుని, మోటారు తిప్పే ఇరుసు మీది రెండు చక్రాలనూ ఒకే దిక్కుకు తిప్పండి. అవి తిరిగాయంటే స్లిప్పర్ క్లచ్ గానీ, చక్రం నట్టు గానీ వదులై ఉండవచ్చు. గేరు పట్టు నిలిచి మోటారు ఇరుసు ఒక్కటే తిరిగితే ఆ గేరు స్క్రూ బిగించండి.

వాలులో నిలిపిన కారు మెల్లగా జారడం లోపం కాదు. మోటారు తిరగకపోతే కరెంటు పుట్టదు, కరెంటు లేకపోతే పట్టూ ఉండదు. కంట్రోలర్‌లో డ్రాగ్ బ్రేక్ (న్యూట్రల్‌లోనూ పడే బ్రేక్) ఉంటే, దాన్ని పెంచితే జారుడు తగ్గుతుంది.

నైట్రో ఇంధనంతో నడిచే కార్లలో మాత్రం డిస్క్ బ్రేక్ ఉంటుంది. దాన్ని నొక్కేది సర్వో. డిస్క్‌కు నూనె అంటితే పట్టు పోతుంది, తుడిచి శుభ్రం చేయాలి. సర్వో కడ్డీ వదులైందేమో కూడా చూడాలి.

రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ ఉంటే సిగ్నల్ పోగానే బ్రేక్ పడేలా పెట్టుకోండి. చక్రాలు నేలకు తగలకుండా కారును ఎత్తి ఉంచి, అవి తిరుగుతుండగా రిమోట్ ఆపి పరీక్షించండి. అవి ఆగాయని చూశాకే కారును పిల్లలు ఆడే చోట వదలండి.