మీకు తెలుసా? గట్టి కసరత్తు తగ్గినా పరుగు మెరుగైంది

ఏ రోజు గట్టిగా పరిగెత్తాలో గుండె లయను చూసి నిర్ణయించుకున్న ఫిన్లాండ్ రన్నర్లు, 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో, 8 వారాలకు సగటున 13 మోస్తరు, కఠిన సెషన్లే చేశారు. ముందే రాసిపెట్టిన ప్రణాళిక పట్టుకున్నవాళ్లు దాదాపు 18 చేశారు. అయినా 3,000 మీటర్ల పరుగులో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది తక్కువ చేసినవాళ్లలోనే.

ఇక్కడ కొలిచేది గుండె వేగాన్ని కాదు, ఒక స్పందనకూ తర్వాతి స్పందనకూ మధ్య వ్యవధిలో వచ్చే తేడాను. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె కూడా సెకనుకొకసారి లెక్కగా కొట్టుకోదు. ఒక విరామం 960 మిల్లీసెకన్లయితే తర్వాతిది 1,040 కావచ్చు. ఊపిరి పీల్చేటప్పుడు విరామం తగ్గుతుంది, వదిలేటప్పుడు పెరుగుతుంది. నిద్ర చాలకపోయినా, జ్వరం తగులుతున్నా, రాత్రి మందు పార్టీ జరిగినా ఈ తేడా సాధారణంగా పడిపోతుంది.

స్మార్ట్‌వాచీ దీన్ని మణికట్టు మీద ఆకుపచ్చ కాంతితో పసిగడుతుంది. చెయ్యి కదిలితే లెక్క చెడుతుంది కాబట్టి నిద్రలో తీసిన కొలతే నయం. పక్కవాళ్ల అంకెతో పోల్చుకోవడం మాత్రం శుద్ధ దండగ: ఒకరికి 25 మిల్లీసెకన్లు మామూలైతే ఇంకొకరికి 80. మీ వారం సగటును మీ పాత సగటుతోనే చూసుకోవాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) ఉన్నవాళ్లకు ఈ అంకె పనికిరాదు.