స్పార్క్ ప్లగ్‌కు ఆయిల్ అంటిందా..? ఇంజిన్ విప్పించే ముందు ఈ ఒక్కటి చూడండి!

సిగ్నల్ దగ్గర ఆగితే చాలు.. కారు వణుకుతోంది. గ్రీన్ పడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే పికప్ లేదు. ఇంతలో డ్యాష్‌బోర్డ్‌పై చెక్ ఇంజిన్ లైట్! గ్యారేజీకి తీసుకెళ్తే మెకానిక్ ప్లగ్ బయటకు తీసి చూపిస్తాడు.. దాని నిండా ఆయిల్. ఆ తర్వాత వినిపించే మాట.. "ఇంజిన్ విప్పాలి సార్!"

ఇంకేముంది.. సగటు ఉద్యోగి గుండెల్లో రాయి పడినట్టే. అయితే ఒక్క నిమిషం ఆగండి. ప్లగ్‌కు ఆయిల్ అంటిందంటే ప్రతిసారీ ఇంజిన్ పోయినట్టు కాదు. ఒక్కోసారి రబ్బరు ప్యాకింగ్ మార్పిస్తే సరిపోతుంది. ఇంకోసారి నిజంగానే ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. ఈ రెండింటికీ ఖర్చులో తేడా కొన్ని వేల రూపాయల నుంచి పదుల వేల వరకు ఉంటుంది. మరి తేడా కనిపెట్టడం ఎలా? ఐటీ కారిడార్ ట్రాఫిక్‌కూ ఈ సమస్యకూ ఉన్న లింకేంటి? ఇప్పుడు చూద్దాం.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఇది పెట్రోల్, సీఎన్‌జీ కార్లకు సంబంధించిన విషయం. డీజిల్ కార్లలో స్పార్క్ ప్లగ్స్ ఉండవు.

అసలు ప్రశ్న ఇదే.. ఆయిల్ పైన ఉందా? కింద ఉందా?

స్పార్క్ ప్లగ్ ఇంజిన్ తలపై లోతైన గొట్టం లాంటి గుంతలో కూర్చుని ఉంటుంది. ప్లగ్ పై భాగంలో తెల్లటి పింగాణీ, దానిపై ఇగ్నిషన్ కాయిల్ రబ్బరు బూట్ ఉంటాయి. కింది కొన మాత్రం సిలిండర్ లోపల, మంట పుట్టే చోట ఉంటుంది. ఈ రెండు చివరలూ రెండు వేర్వేరు ప్రపంచాలు. అందుకే మెకానిక్ ప్లగ్ తీసినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని స్వయంగా చూడండి.

- పింగాణీ, మర పైభాగం, కాయిల్ బూట్ తడిగా ఉండి, కింది కొన పొడిగా ఉంటే: ఆయిల్ బయటి నుంచి గుంతలోకి కారుతోంది. ఇది చిన్న సమస్య.
- కింది కొన నల్లగా, జిగటగా, తడిగా మెరుస్తుంటే: ఆయిల్ సిలిండర్ లోపలికి వచ్చి కాలుతోంది. దీన్ని సీరియస్‌గా తీసుకోవాలి.
- కింది కొన పొడిగా, మసి పట్టినట్టు నల్లగా ఉంటే: అది ఆయిల్ కాదు, కార్బన్. పెట్రోల్ ఎక్కువగా అందడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, మరీ చిన్న దూరాలు తిరగడం లాంటివి కారణాలు.
- తడిగా ఉండి పెట్రోల్ వాసన వస్తే: ఆ ప్లగ్ మండించడం లేదని అర్థం. ముందు కాయిల్, ప్లగ్ చెక్ చేయించాలి.
- లేత గోధుమ లేదా బూడిద రంగులో ఉంటే: అంతా బాగున్నట్టే.

వానాకాలంలో ఇంకో తిరకాసు ఉంది. నీళ్లు నిలిచిన రోడ్లపై వెళ్లినా, ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ కడిగించినా ఆ గుంతలో నీళ్లు చేరి ఇంజిన్ మిస్సింగ్ కొట్టొచ్చు. కాబట్టి లోపల ఉన్నది నీళ్లా, ఆయిలా అన్నది కూడా చూడాలి.

పైన ఆయిల్ ఉంటే.. దొంగ ట్యాపెట్ కవర్ ప్యాకింగే!

ఇంజిన్ పైన మూతలా ఉండేదే ట్యాపెట్ కవర్. దాని కింద అంచుల చుట్టూ రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది. ప్లగ్ గుంతల చుట్టూ కూడా గుండ్రటి సీల్స్ ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి ఈ రబ్బరు గట్టిపడి, పగుళ్లిస్తుంది. అప్పుడు పైన తిరిగే ఆయిల్ మెల్లగా గుంతలోకి దిగుతుంది. కాయిల్ బూట్ ఆ ఆయిల్‌లో నానితే ఉబ్బి మెత్తబడుతుంది. స్పార్క్ ప్లగ్ కొనకు చేరకుండా పక్కదారి పడుతుంది. ఫలితం మిస్సింగ్.

దీనికి ఇంజిన్ విప్పాల్సిన అవసరం లేదు. ట్యాపెట్ కవర్ తీసి ప్యాకింగ్, సీల్స్ మారిస్తే చాలు. కొన్ని మోడళ్లలో సీల్స్ కవర్‌తోనే కలిసి వస్తాయి, అలాంటప్పుడు కవర్ మొత్తం మార్చాలి. పార్ట్ కొనే ముందు ఈ విషయం కనుక్కోండి. అలాగని దీన్ని వదిలేయొద్దు. అదే ప్యాకింగ్ నుంచి కారిన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్‌పై పడితే కాలిన వాసన, పొగ వస్తాయి. అది ప్రమాదకరం కూడా.

కింద ఆయిల్ ఉంటే.. కారణాలు చాలా!

ఇక్కడ తొందరపడి "రింగులు పోయాయి" అని తేల్చేయకూడదు. తక్కువ ఖర్చుతో పోయే కారణాలను ముందు చూడాలి.

1. ఆయిల్ ఎక్కువ పోయడం: డిప్ స్టిక్‌పై గరిష్ఠ గీత దాటి ఆయిల్ ఉందా? సర్వీస్‌లో ఎక్కువ పోసేయడం మామూలుగా జరిగేదే. ముందు ఇదే చూడండి.

2. పీసీవీ వాల్వ్: ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వ్ ఇది. జామ్ అయితే లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్ పైకి తన్నుకొస్తుంది. సీల్స్ కూడా లీకవుతాయి. మార్చడం పెద్ద పనేం కాదు.

3. టర్బో: టర్బో పెట్రోల్ కార్లలో టర్బో సీల్ పోతే ఆయిల్ ఇన్‌టేక్ పైపులోకి వస్తుంది. పైపు విప్పితే లోపల చెమ్మలా ఉండటం మామూలే, ఆయిల్ నిలిచి ఉంటే మాత్రం అనుమానించాలి.

4. వాల్వ్ సీల్స్: వాల్వ్ కాడల చుట్టూ ఉండే చిన్న రబ్బరు టోపీలు. ఇవి గట్టిపడితే ఆయిల్ చుక్కచుక్కగా సిలిండర్‌లోకి జారుతుంది.

5. పిస్టన్ రింగులు: అరిగిపోయినా, మసితో ఇరుక్కుపోయినా ఆయిల్ పైకి వస్తుంది. ఇదే పెద్ద పని.

మరో క్లూ ఏంటంటే.. అన్ని ప్లగ్‌లకూ ఒకేలా ఆయిల్ ఉంటే మొదటి మూడు కారణాలను ముందు చూడాలి. ఒక్క ప్లగ్‌కే ఉంటే ఆ సిలిండర్ వాల్వ్ సీలో, రింగులో అయ్యే అవకాశం ఎక్కువ. అందుకే ప్లగ్‌లు తీసేటప్పుడు ఏది ఏ సిలిండర్‌దో నంబర్ వేయించండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

పొగ చూస్తే రోగం తెలుస్తుంది

ఆయిల్ కాలితే సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తుంది. అది ఎప్పుడు వస్తోందన్నదే ముఖ్యం.

రాత్రంతా పార్క్ చేసిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున నీలి పొగ వచ్చి ఆగిపోతే.. వాల్వ్ సీల్స్‌పై అనుమానం. ఫ్లైఓవర్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ తొక్కగానే పొగ వచ్చినా అదే అనుమానం. బలంగా యాక్సిలరేటర్ తొక్కి పైకి ఎక్కేటప్పుడు ఆగకుండా వస్తుంటే.. రింగుల వైపు చూడాలి. నల్ల పొగ అయితే పెట్రోల్ ఎక్కువ అందుతోందని. చలికాలం పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి వచ్చి పోతే భయపడక్కర్లేదు.

ఇంజిన్ విప్పే ముందు ఈ టెస్ట్ అడగండి

కంప్రెషన్ టెస్ట్. ప్లగ్ స్థానంలో గేజ్ బిగించి ఒక్కో సిలిండర్‌లో ఎంత ప్రెషర్ వస్తుందో చూస్తారు. సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటితే ఎక్కడో లోపం ఉన్నట్టే. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ప్రెషర్ గట్టిగా పెరిగితే రింగులు లేదా బోర్ అరిగినట్టు. ఎందుకంటే పోసిన ఆయిల్ కాసేపు ఆ సందును మూసేస్తుంది. పెరగకపోతే వాల్వ్‌ల వైపు లోపం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వాల్వ్ సీల్స్ మాత్రమే పోతే కంప్రెషన్ బాగానే చూపిస్తుంది. ప్రెషర్ బాగుండి, పొద్దున పూట నీలి పొగ వస్తుంటే ముందు పీసీవీ, తర్వాత వాల్వ్ సీల్స్ చూడాలన్నమాట. చాలా ఇంజిన్లలో వాల్వ్ సీల్స్‌ను హెడ్ దించకుండానే మార్చొచ్చు. ఆ పని వచ్చిన మెకానిక్ కావాలి, అంతే.

ఐటీ కారిడార్‌కూ దీనికీ సంబంధం ఏంటి?

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్లూ రప్పలే. ఇప్పుడు మైండ్‌స్పేస్ జంక్షన్, ఐకియా దగ్గర, బయోడైవర్సిటీ వైపు సాయంత్రం ఆరు దాటితే కారు కదలదు, ఇంజిన్ మాత్రం ఆగదు. సమస్య అక్కడే ఉంది.

చిన్న లెక్క చూద్దాం. సగటున గంటకు 12 కిలోమీటర్లే కదిలే ట్రాఫిక్‌లో 10 వేల కిలోమీటర్లు తిరగాలంటే ఇంజిన్ 830 గంటలకు పైగా నడవాలి. అదే ఓఆర్ఆర్‌పై సగటున 60తో వెళ్తే 170 గంటల్లోపే అయిపోతుంది. మీటర్ మీద కిలోమీటర్లు ఒకటే.. ఇంజిన్ పడ్డ కష్టం మాత్రం ఐదింతలు!

పైగా ఐడిల్‌లో ఇన్‌టేక్ వైపు గుంజుడు ఎక్కువగా ఉంటుంది. వాల్వ్ సీల్స్ కాస్త వీక్ అయితే ఆయిల్‌ను లోపలికి లాగేస్తుంది. ప్లగ్ కొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే తనపై మసిని తానే కాల్చుకుంటుంది. కొండాపూర్ నుంచి హైటెక్ సిటీ వరకు పాక్కుంటూ వెళ్తే ఆ వేడి అందదు. దీనికి తోడు ఎండాకాలం బానెట్ కింద వేడికి రబ్బరు ఇంకా త్వరగా గట్టిపడుతుంది. అందుకే కార్ల మాన్యువల్స్‌లో ఇలాంటి వాడకానికి ఆయిల్ త్వరగా మార్చాలని విడిగా రాసి ఉంటుంది. చాలామంది ఆ పేజీ తెరవరు.

రిపేర్ ఇలా చేయాలి

- ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్ తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే అల్యూమినియం హెడ్‌లో మర చెడుతుంది.
- గుంతలో ఆయిల్ ఉంటే ముందు దాన్ని గుడ్డతోనో, సిరంజితోనో తీసేయాలి. తర్వాత క్లీనర్ కొట్టి గాలి పెట్టాలి. అలా చేయకుండా ప్లగ్ విప్పితే ఆయిల్, చెత్త సిలిండర్‌లో పడతాయి.
- కొత్త ప్యాకింగ్ వేసేటప్పుడు పాత జిగురు శుభ్రంగా తీయాలి. సీలెంట్‌ను మాన్యువల్ చెప్పిన మూలల్లోనే పెట్టాలి, చుట్టూ పూయకూడదు.
- కవర్ బోల్టులు మధ్య నుంచి బయటికి, కొంచెం కొంచెంగా బిగించాలి. గట్టిగా బిగిస్తే కవర్ పగులుతుంది.
- ప్లగ్‌ను ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, తర్వాతే పానాతో.. టార్క్ రెంచ్ ఉంటే ఇంకా మంచిది.
- ఉబ్బిన కాయిల్ బూట్ మార్చాలి. తుడిచి పెడితే మళ్లీ మిస్సింగ్ వస్తుంది.

ఈ తప్పులు చేయొద్దు

ఆయిల్ పట్టిన ప్లగ్ మార్చి "సెట్ అయింది" అనుకోవడం పెద్ద తప్పు. కారణం అలాగే ఉంటే కొత్త ప్లగ్ కూడా కొన్నాళ్లకే అదే గతి. ఇరిడియం ప్లగ్‌ను వైర్ బ్రష్‌తో రుద్దకండి, సన్నటి కొన పాడవుతుంది. పొగ తగ్గాలని చిక్కటి ఆయిల్ పోయించడం కూడా మందు కాదు, నొప్పి కనిపించకుండా చేయడమే.

చెక్ ఇంజిన్ లైట్ మిణుకుమిణుకుమంటుంటే మాత్రం అశ్రద్ధ చేయొద్దు. మిస్సింగ్ వల్ల కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. ప్లగ్‌తో పోయేది కన్వర్టర్ దాకా వెళ్తే బిల్లు మారిపోతుంది.

గ్యారేజీలో ఈ నాలుగు అడగండి

ఒకటి.. ఆయిల్ ప్లగ్‌కు పైన ఉందా, కింద ఉందా? రెండు.. ఏ సిలిండర్‌లో? మూడు.. పీసీవీ చూశారా? నాలుగు.. కంప్రెషన్ రీడింగ్ ఎంత? వీటికి సమాధానం చెప్పకుండా "విప్పాలి" అంటే ఇంకో మెకానిక్‌కు చూపించడమే మేలు.

రింగులే పోయాయని తేలినా వెంటనే కంగారు పడక్కర్లేదు. డిప్ స్టిక్ చూసి, కిలోమీటర్లు రాసుకుని, 1,000 కిలోమీటర్లకు ఎంత ఆయిల్ తాగుతోందో లెక్క పెట్టండి. కొద్దిగా అయితే పోసుకుంటూ నడపొచ్చు. ఎక్కువైతే మాత్రం పని చేయించాల్సిందే. ఏదేమైనా, ఆ నిర్ణయం మీ చేతిలో ఉన్న లెక్క చూసి తీసుకోవాలి.. భయంతో కాదు.